1930కి చెప్పాక ఎక్కడికి పోవాలి? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆన్‌లైన్ మోసాల మీద స్టేషన్లలో కేసు తీసుకోవడం లేదని ఇచ్చిన అర్జీలకు రసీదులొచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈ లేఖ.

‘ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త’ అని మీ శాఖ పోస్టర్లు వేస్తోంది. సంతోషం. ఏం చూసుకోవాలో మాత్రం వాటిలో ఉండదు. యూపీఐ పిన్ కొట్టే ముందు తెరమీద వచ్చే పేరు దుకాణానిదా, ఎవరో మనిషిదా? సైటు పేరులో అక్షరం తేడా ఉందా? చిరునామా పక్కన తాళం గుర్తుంటే అసలు సైటేనని నమ్మడానికి లేదు, ఆ గుర్తు తెచ్చే సర్టిఫికెట్ దొంగకూ ఉచితంగా దొరుకుతుంది. ‘పార్శిల్ ఆగింది’ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలుకు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) మెసేజీలు చదివే అనుమతిచ్చామా, ఓటీపీ మనం చెప్పక్కర్లేదు, అదే చదువుకుంటుంది. రిఫండ్ పడటానికి పిన్‌తో పనే లేదు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో కాదు, యాప్‌లోనే వెతుక్కోవాలి. ఇవన్నీ రాస్తే పోస్టర్‌లో మీ ఫొటోకు చోటు తగ్గుతుందేమో!

సరే, మోసపోయారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి యూపీఐ చెల్లింపుకు వచ్చే 12 అంకెల గుర్తింపు నంబరు (యూటీఆర్) చెబితే, డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే నిలిపేస్తారు. ఆ తర్వాత మొదలవుతాయి అసలు తిప్పలు. మండల స్టేషన్‌లో ‘ఇది ఐటీ చట్టం కేసు, సీఐ గారు చూడాలి, జిల్లా సైబర్ స్టేషన్‌కు పొండి’ అంటారు. అక్కడ ‘ఇంత చిన్న మొత్తమా, ఫిర్యాదు మీ ఊళ్లోనే ఇచ్చుకోండి’ అంటారు. బ్యాంకేమో ఎఫ్‌ఐఆర్ కాపీ తెమ్మంటుంది. రెండు వేల రూపాయల చీర డబ్బుల కోసం కూలి మానుకుని ఎన్నిసార్లు తిరుగుతారండీ?

ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 78వ సెక్షన్ ఇన్‌స్పెక్టర్ (సీఐ) హోదా కావాలన్నది దర్యాప్తుకు. కేసు నమోదుకు కాదు. మోసానికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318(4) సెక్షన్ ఉండనే ఉంది, దాన్ని ఎస్సై గారే చూడొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి చెబుతోంది. ఇవి మీకు తెలియనివి కావు. స్టేషన్లకే తెలియనట్టుంది, లేదా తెలిసీ పని పెరుగుతుందని ఊరుకుంటున్నారు.

దయచేసి ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. కేసు కట్టకపోతే కారణం కాగితం మీద రాసివ్వమనండి. ఎస్పీ గారికి పోస్టులో ఫిర్యాదు పంపే హక్కు 173(4)లో ఉందని స్టేషన్ గోడ మీద రాయించండి. సిబ్బంది చాలకపోతే ఇవ్వండి. ఏదో ఒకటి చేయండి మహాప్రభో, కనీసం మా అర్జీకి జవాబైనా ఇప్పించండి.

ఇట్లు,
ఆన్‌లైన్ కొనుగోలుదారుల తరఫున