పునుగుల ఒట్టు తప్పాను, రాఘవా

ఎడిసన్, న్యూజెర్సీ
జూన్ 14, శనివారం పొద్దున్నే

ఒరేయ్ రాఘవా,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి జూన్‌లో జవాబు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

వార్తలు గబగబా చెప్పేస్తాను. నా షుగరు అదుపులోనే ఉంది, మీ చెల్లెలికి మోకాలు నొప్పి, ఇంటి పైకప్పు మార్పించాం, ఉద్యోగం ఇంకా ఉంది. చెల్లెమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా కస్టమ్స్ దాటి వచ్చింది గానీ మా ఇంట్లో వారం దాటలేదు. అయిపోయాయి వార్తలు.

ఇక అసలు సంగతి. మన పునుగుల కథ మావాడికి చెప్పేశాను.

ఆగాగు, ఫోన్ తీయకు. ఇద్దరం తప్ప మూడో మనిషికి తెలియకూడదని 1994లో ఒట్టు పెట్టుకున్నాం. ముప్పై ఒక్క ఏళ్లు నిలబెట్టుకున్నాను. మీ చెల్లెలికి కూడా చెప్పలేదు. మొన్న మంగళవారం రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరికీ ఒకేసారి చెప్పాల్సి వచ్చింది. ఎందుకు చెప్పానో తెలియాలంటే నీకింకో సంగతి చెప్పాలి. అది నేను నీ దగ్గర కూడా దాచాను. సిగ్గేసిందిరా, అంతకన్నా కారణం లేదు.

నాలుగేళ్ల కిందట, మావాడు కాలేజీ రెండో ఏడాదిలో ఉండగా, క్యాంపస్‌లోని పుస్తకాల షాపులో ఒక పెట్టె సంచీలో వేసుకుని డబ్బు కట్టకుండా బయటికి వచ్చాడు. ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్లు వాడే ఉండల సెట్టు అది. నల్ల ఉండలు కార్బన్, ఎర్రవి ఆక్సిజన్, తెల్లవి హైడ్రోజన్, పుల్లలు గుచ్చి అణువులు కట్టుకోవాలి. ముప్పై డాలర్లు కూడా ఉండదు. వాడి జేబులో నా క్రెడిట్ కార్డు ఉంది! గుమ్మం దగ్గరే పట్టుకున్నారు. క్యాంపస్ పోలీసు సమన్లు రాసి చేతిలో పెట్టాడు.

ఇక్కడ రెండొందల డాలర్ల లోపు షాపు దొంగతనాన్ని పెద్ద నేరంగా చూడరు, మునిసిపల్ కోర్టులోనే తేలిపోతుంది. మొదటి తప్పు కాబట్టి కండిషనల్ డిస్మిసల్ అని ఒక దారి చూపించారు. ముందు తప్పు ఒప్పుకోవాలి. జడ్జి శిక్ష రాయకుండా ఏడాది పాటు కనిపెట్టి చూస్తాడు. బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తాడు. కొట్టేసిన ఆరు నెలలకి రికార్డు తుడిపించుకోవడానికి అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టాం, ఆర్డరు వచ్చింది. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఇక ఆ అరెస్టూ ఆ కేసూ జరగనట్టే లెక్క. పోలీసు ఉద్యోగం, కోర్టు ఉద్యోగం లాంటివి తప్పిస్తే, ఎవరడిగినా జరగలేదనే చెప్పొచ్చు. వకీలువి, నీకిది వింతగా ఉంటుంది. మాకైతే ఊపిరి వచ్చింది. మీ చెల్లెలు సత్యనారాయణ వ్రతం చేయించింది, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్లంతా మావాడికి సంబంధం కుదిరిందని గుసగుసలు పోయారు.

ఇప్పుడు వాడు మెడికల్ కాలేజీలకి అప్లై చేస్తున్నాడు. మన రోజుల్లో ఎంసెట్ ర్యాంకు చూసి సీటిచ్చేవాళ్లు కదా, ఇక్కడ అలా కాదు. యామ్‌కాస్ అని ఒక ఉమ్మడి అప్లికేషన్ ఉంటుంది. ఎండీ అంటే ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ, ఆ కాలేజీల్లో చాలావాటికి అదే. అందులో మార్కులు, వ్యాసం, పదిహేను దాకా చేసిన పనులు, వాటితో పాటు మనిషి చరిత్రంతా అడుగుతారు. నేరాల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా గుండె ఆగింది. కానీ మైనరుగా ఉన్నప్పటివి, కోర్టు సీల్ చేసినవి, తుడిచేసినవి చెప్పక్కర్లేదని ఆ ప్రశ్నలోనే రాసి ఉంది. వాడు ‘లేదు’ అని పెట్టాడు. నేను వెళ్లి కాఫీ కలుపుకొచ్చాను.

వచ్చేసరికి వాడు కదలకుండా కూర్చున్నాడు. ఇంకో ప్రశ్న ఉందట. మీరు చదివిన కాలేజీ మీ మీద ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకుందా? కాలేజీ దాన్ని రికార్డులోంచి తీసేసినా సరే, తుడిచేసినా సరే, అవుననే రాయాలి. చూశావా తిరకాసు! ఆ రోజు పోలీసు సమన్లు ఇచ్చాడు, కాలేజీ వాళ్లు విడిగా ఏడాది ప్రొబేషన్ వేశారు. అయిపోయాక కాలేజీ దాన్ని తీసేసింది కాబట్టి ట్రాన్‌స్క్రిప్టులో, అదే మార్కుల రికార్డులో, మచ్చలేదు. అయినా చెప్పాలి. జడ్జి తుడిచింది చెప్పక్కర్లేదు, డీను తుడిచింది చెప్పాలి. ఒకటే పెట్టె, అవే నల్ల ఉండలు.

జరిగింది రాయడానికి 1,325 అక్షరాలు ఇస్తారు, ఖాళీలు కూడా లెక్కే. వాడు మొదట రాసింది నాకు చూపించాడు. ‘క్యూ చాలా పొడుగ్గా ఉంది, పది గంటలకి క్విజ్ ఉంది, కంగారులో’ అంటూ మొదలైంది. నాకు బాగానే అనిపించింది, నిజం చెప్పొద్దూ! కాలేజీలో ప్రీ-మెడ్ సలహాదారు ఉంటుంది, ఆవిడ మొదటి రెండు లైన్లూ కొట్టేసిందట. తర్వాత వాడు రాసింది దాదాపు ఇలా ఉంది: ‘క్యూలో నా ముందు ఆరుగురు ఉన్నారు. నా దగ్గర కార్డు ఉంది. అయినా పెట్టె సంచీలో వేసుకుని నడిచాను. అప్పుడు ఎందుకు చేశానో చాలాకాలం నాకే చెప్పుకోలేకపోయాను.’ ఇది చదివాక కాసేపు నాకు మాట రాలేదు. ఇరవై మూడేళ్ల వెధవ.

కానీ అందులో పోలీసు అన్న మాట లేదు, కోర్టు అన్న మాట లేదు. అక్కడ రాజుకుంది గొడవ. ‘సగం చెప్పి సగం మింగడం ఏంట్రా, అంతా రాసెయ్’ అన్నాను. ‘కాలేజీ ఏం చేసిందని అడిగారు నాన్నా, కాలేజీ చేసింది రాశాను. కోర్టు సంగతి చెప్పక్కర్లేదని వాళ్లే అన్నారు’ అన్నాడు. మేం పెట్టుకున్న లాయరు మాటా అదే, సలహాదారు మాటా అదే. ‘షాపులో దొంగతనం అంటే పోలీసు వచ్చి ఉంటాడని చదివేవాడికి తెలియదా?’ అన్నాను. ‘అనుకోనివ్వండి. జడ్జి గారు నాకిచ్చింది నేనెందుకు వెనక్కి ఇచ్చెయ్యాలి?’ అన్నాడు.

ఆ మాటకి నాకు తిక్క రేగింది. నిజాయితీ, వంశం, మా నాన్న బడిపంతులు ఉద్యోగం, అన్నీ దించాను. నా గొంతు నాకే వినిపిస్తోంది, సరిగ్గా మన హాస్టల్ వార్డెన్ గొంతు. వాడు అంతా విన్నాడు. చివర్న, అరవకుండా, ‘మీ సిటిజన్‌షిప్ ఫారం టైపు చేసింది నేనే కదా నాన్నా. ఎప్పుడైనా అరెస్టు చేశారా, నిర్బంధించారా, ఎక్కడైనా, ఏ దేశంలోనైనా అని ఉంది. మీరు సోఫాలో పడుకుని లేదు, లేదు, లేదు, కొట్టుకుంటూ పో అన్నారు’ అన్నాడు.

ఒరేయ్, వాడికేమీ తెలియదు. నేను ఆ ప్రశ్నలు సరిగ్గా విననైనా వినలేదని దెప్పాడు, అంతే. నాకు మాత్రం బెజవాడ స్టేషన్ బెంచీ కనిపించింది. బల్ల మీద వాడి పాత ఉండల సెట్టు ఉంది, కోర్టు తిరిగి ఇప్పించింది కాదు, తర్వాత నేను డబ్బిచ్చి కొన్నది. ఒక ఎర్ర ఉండ చేతిలో పట్టుకుని తిప్పుతూ మొదలుపెట్టాను.

అంతా చెప్పాను. గుంటూరు ప్యాసింజరు, టికెట్టు డబ్బులతో తిన్న రెండు ప్లేట్ల పునుగులు, మూడో ప్లేటుకి నువ్వు బేరం ఆడటం. టికెట్లు తనిఖీ చేసే స్క్వాడ్ రాగానే నువ్వు హిందీవాడివైపోయి ‘హమ్ టికెట్ భూల్ గయా’ అనడం, ఆ టీసీ నీకన్నా పదింతలు మంచి హిందీలో మీ నాన్న పేరేమిటని అడగడం. ఇక్కడ మీ చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ మోకాలితోనే వంటగదిలోకి పరిగెత్తింది. మావాడు మాత్రం నవ్వలేదు. ‘తర్వాత?’ అన్నాడు. రాత్రంతా ఆర్‌పీఎఫ్ వాళ్ల గదిలో, అదే రైల్వే రక్షక దళం గదిలో, కూర్చోబెట్టారని, పొద్దున మీ కృష్ణలంక మామయ్య వచ్చి డబ్బు కట్టి విడిపించాడని చెప్పాను. ‘ఎవరికి కట్టారు? ఫైనా, పెనాల్టీనా? జడ్జి దగ్గరా, టీసీ దగ్గరా?’ అన్నాడు. డాక్టరు ఎందుకురా నీకు, లా చదువు అందామనుకున్నాను.

ఇదిగో, ఈ ఉత్తరం రాస్తున్నది ఇందుకే. నాకు సరిగ్గా గుర్తు లేదు. మామయ్య మనల్ని టీ బండి దగ్గర నిలబెట్టి లోపలికి వెళ్లాడు, అది గుర్తుంది. కానీ అంతకు ముందు, తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన బల్ల వెనక కూర్చుని మన పేర్లు, తండ్రి పేర్లు అడిగి రాసుకున్నాడు. ఆయన ఎవర్రా? రైల్వే మేజిస్ట్రేటా, స్టేషన్ గుమాస్తానా? టీసీ ఎక్సెస్ ఛార్జీ వసూలు చేసి రసీదు ఇస్తే ఒక లెక్క, మేజిస్ట్రేటు జరిమానా వేస్తే శిక్ష పడ్డట్టే లెక్క అని నువ్వే ఎవరి కేసులోనో చెప్పావు. ఆ కాగితం మామయ్య నీ చేతికే ఇచ్చాడు. నువ్వు ఏదీ పారెయ్యవు, నాకు తెలుసు, నా దగ్గర తీసుకున్న ఇంటర్ ఫిజిక్స్ గైడు ఇంకా నీ అటక మీదే ఉంది. వెతుకు. ఏ కాగితమైనా, రాత్రంతా కూర్చోబెట్టింది నిజమే కదా, మరి నేను పెట్టిన ‘లేదు’...

సరే. దాని సంగతి ఇక్కడి లాయర్ని నేనే అడుగుతాను. భయంగా ఉంది, దాచను.

మావాడికీ ఆ ఫారం ముందుంది. మా గ్రీన్‌కార్డు ఆలస్యమై, నాకు పౌరసత్వం వచ్చేసరికి వాడికి పద్దెనిమిది దాటిపోయింది, విడిగా పెట్టుకోవాల్సిందే. అందులో కోర్టు తుడిచేసినవి కూడా రాయాలి. న్యూజెర్సీ జరగలేదంటుంది, వలస చట్టం జరిగిందంటుంది, పైగా కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి లాయరు చూడకుండా కాగితం కదపొద్దన్నారు. సీటు వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఒకటి. రిపోర్టు ముందు వాడికే వస్తుంది, చూసుకోవడానికి పది రోజులు ఇస్తారు. కోర్టు తుడిచినా ప్రైవేటు కంపెనీల దగ్గర పాత వివరాలు మిగిలిపోయి ఉండొచ్చట, అందుకని ఆర్డరు సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీయించాం. మీ చెల్లెలు వాటిని పంచాంగాల మధ్య పెట్టింది. ఒక్కో కాలేజీ తర్వాత పంపే రెండో ఫారంలో ప్రశ్న ఇంకోలా ఉండొచ్చు, ప్రతిదీ మాట మాట చదవాలి. డాక్టరయ్యాక కూడా కొన్ని రాష్ట్రాల మెడికల్ బోర్డులు తుడిచేసినవి అడుగుతాయట. ముప్పై డాలర్లు!

నువ్వు కానిస్టేబుల్ సెలెక్షన్ పోయిన కుర్రాడి తరఫున వాదించినప్పుడు 2016 సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెప్పావు, అవతార్ సింగ్ కేసు. కుర్రతనంలో చేసిన చిన్న తప్పయితే, దాచినా ఉద్యోగం ఇచ్చేవాడు తలుచుకుంటే మన్నించవచ్చని. అప్పుడు సగమే విన్నాను, ఫోన్ స్పీకర్లో పెట్టి కూరగాయలు తరుగుతున్నాను. ఈసారి మొత్తం చెప్పు. ఆ కుర్రాడికి చివరికి ఉద్యోగం వచ్చిందా?

ఆ రాత్రి వాడు నన్నేమీ అనలేదు. లేచి, ఎర్ర ఉండ నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో వేసి, ‘పునుగులు బాగున్నాయా?’ అని అడిగాడు. బాగున్నాయన్నాను. మర్నాడు పొద్దున చూస్తే 1,325 అక్షరాల డబ్బాలో ఒక్క అక్షరం మార్చలేదు. నేనూ మార్చమనలేదు. ఇప్పటికీ నాకు పూర్తిగా ఒప్పుదల లేదు, వాడిది తప్పని కూడా అనలేను...

మేడ మీంచి కేకేస్తున్నాడు, సబ్మిట్ కొట్టే ముందు ఇద్దరం పక్కన ఉండాలట. మీ చెల్లెలు అప్పుడే దీపం వెలిగించింది. వెళ్తున్నాను. తెల్లచొక్కా ఆయన సంగతి మర్చిపోకు, అటక మీద ట్రంకు పెట్టెలో చూడు, అదే, నువ్వు తాళం పోగొట్టి

నీ సూరి