ఈ చలికాలంలో ఆర్డర్లకు నాలుగు వారాలు ఎందుకు పడుతోందంటే

నమస్కారమండీ. మేం చెక్క మీద ఎపాక్సీ (ద్రవంగా పోస్తే గట్టిపడే ఒక రకం రెజిన్) పోసి చేసే వస్తువుల్లో, గృహప్రవేశానికి నేమ్ బోర్డులు, ఉగాదికి పసుపు కుంకుమ ట్రేలు ఆర్డర్ ఇచ్చినవాళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "సమ్మర్‌లో రెండు వారాల్లో ఇచ్చారు కదా, ఇప్పుడు నాలుగు వారాలేంటి?" అడగాల్సిన మాటే. ఒక్కొక్కరికి మెసేజ్‌లో సగం సగం చెప్పేకంటే అందరికీ ఇక్కడే వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో మనముండే మిన్నెసోటా చలి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. జనవరిలో కొన్ని రాత్రులు మైనస్ 20 సెల్సియస్ దాటి దిగిపోతుంది. మా షెడ్‌లో హీటర్ ఉంది, పని చేసుకోవడానికి మాకు హాయిగానే ఉంటుంది. ఎపాక్సీకి ఆ హాయి చాలదు. గోడ మీద థర్మామీటర్ 22 చూపిస్తున్నా, కాంక్రీట్ నేల మీద ఉన్న ఎపాక్సీ డబ్బా, నిన్న బయటినుంచి తెచ్చిన వాల్‌నట్ చెక్క లోపల చల్లగానే ఉంటాయి. అందుకే గాలి వేడిని కాకుండా డబ్బా వేడి, చెక్క వేడి విడిగా కొలిచి చూశాకే పోత మొదలుపెడతాం.

ఎపాక్సీ అంటే రెండు డబ్బాలు, రెజిన్ ఒకటి, దాన్ని గట్టిపరిచే హార్డనర్ ఒకటి. రెజిన్‌కి చలి తగిలితే, అందులోనూ పగలు వేడెక్కి రాత్రి చల్లారుతూ ఉంటే, నెయ్యి పేరుకున్నట్టు తెల్లగా పలుకు కడుతుంది. అది పాడైనట్టు కాదు. 50 డిగ్రీల వేడినీళ్లలో డబ్బా ఉంచి, మధ్యమధ్యలో కలుపుతూ, ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగించాలి. మిగిలిన ఆ ఒక్క పలుకు చుట్టూనే మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది. ఈ గొడవ లేకుండా మా స్టాక్ అంతా నేలకి ఎత్తులో, ఇన్సులేషన్ వేసిన బీరువాలో రాత్రీ పగలూ 24 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం. కొత్తగా వచ్చిన పార్సిల్ ట్రక్కులో గడ్డకట్టుకుపోయి వస్తుంది కాబట్టి, లోపల రెండు రోజులు ఉంచాకే మూత తీస్తాం. చల్లటి డబ్బా మూత వెంటనే తీస్తే గాలిలోని తేమ లోపల చేరుతుంది.

కొందరు "హార్డనర్ కాస్త ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడదా?" అని అడిగారు. పాలియెస్టర్ అనే ఇంకో రకం రెజిన్‌లో అలాంటి సర్దుబాటు కొంతవరకు కుదురుతుంది. ఎపాక్సీలో కుదరదు. కంపెనీ చెప్పిన కొలత తప్పితే ఎన్నాళ్లున్నా జిగురుజిగురుగానే ఉండిపోతుంది. వేగం మార్చేది ముఖ్యంగా వేడే: పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెండింతలు వేగం, తగ్గితే సగం. అలాగని గదిని 35కి పెంచలేం. మందంగా పోసినచోట అది తనంతట తానే ఇంకా వేడెక్కి, పసుపురంగు తిరిగి, పగుళ్లు వస్తాయి.

హీటర్ కూడా మార్చాం, ఇప్పుడంతా కరెంటుదే. పొగ గొట్టం లేని ప్రొపేన్ హీటర్ మండినంతసేపూ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి గదిలోకే వదులుతుంది. ఆ రెండూ హార్డనర్‌లోని అమైన్ అనే రసాయనంతో కలిస్తే పైన జిడ్డులాంటి పొర ఏర్పడుతుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడగకుండా మీద ఇంకో కోటు వేస్తే అది పట్టదు, కొన్నాళ్లకి పొరలా లేచిపోతుంది. కరెంటు బిల్లు బాగానే పెరిగింది. అయినా ఈ సీజన్ ధరలు మార్చడం లేదు.

చెక్కతో ఇంకో పేచీ ఉంది. చల్లటి చెక్క మీద పోత పోసి గది వేడి చేస్తే, చెక్క రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకి వస్తుంది. అందుకని చెక్కని ముందే బాగా వెచ్చబరిచి, హీటర్ కొంచెం తగ్గించాక రంధ్రాలు మూసుకునేలా పలుచటి సీల్ కోటు వేస్తాం. అది ఆరాకే అసలు పోత.

మర్నాటికి ముట్టుకుంటే గట్టిగానే ఉంటుంది. కానీ గది 22 డిగ్రీల్లో ఉంటే పూర్తి బలం రావడానికి వారం పడుతుంది. ఆ వారమంతా రాత్రిపూట కూడా వేడి తగ్గకూడదు. షెడ్‌లో అలా ఉంచగలిగిన చోటు కొంచెమే, అందుకే ఒకేసారి తక్కువ పీసులు చేస్తున్నాం.

పిల్లల్ని తీసుకొచ్చి పోత చూపిస్తామని అడిగినవాళ్లకి కాదన్నందుకు ఏమీ అనుకోకండి. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మేమే నైట్రైల్ గ్లవ్స్ లేకుండా డబ్బా ముట్టుకోం.

హారతి పళ్లేలు, దీపం పెట్టే పీటలు మాత్రం రెజిన్‌తో చేయం, ఎంత అడిగినా. మేం వాడే ఎపాక్సీ పూర్తిగా ఆరాక కూడా 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మీ దగ్గరున్న ట్రేలో పసుపు, కుంకుమ, పూలు, తాంబూలం నిశ్చింతగా పెట్టుకోండి. వెలిగించిన దీపం, కర్పూరం, పొగలు కక్కే కాఫీ గ్లాసు నేరుగా పెట్టొద్దు. ఎండాకాలం కారులో వదిలేసినా వంకర తిరుగుతుంది.

ఉగాదికి కావాల్సినవాళ్లు ఫిబ్రవరి 10 లోపు ఆర్డర్ చెప్పండి. ఇప్పటికే ఇచ్చి, ఇంతకాలం ఆగలేమనుకునేవాళ్లకి అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాం, ఒక్క మెసేజ్ చాలు.