మీ ఆయిల్ డబ్బా మీరే తెచ్చుకోవచ్చు

మన కస్టమర్లందరికీ నమస్కారం.

చుట్టూ తిప్పకుండా చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి మన షెడ్డులో కారు ఆయిల్ మార్చడానికి లేబరు 350 నుంచి 600 అవుతుంది. అదే రోజు నుంచి ఆయిలూ ఫిల్టరూ మీరు బయట కొని తెచ్చుకున్నా సరే, నేను మొహం మాడ్చుకోను. ఈ రెండింటికీ ముడి ఉంది. అది విప్పి చెప్పకపోతే "రేటు పెంచాడు" అనే మాటే మిగులుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఆటోనగర్‌లో నాలాంటి చిన్న షెడ్లు నడిచే పద్ధతి ఏళ్ల తరబడి ఒకటే. లేబరు తక్కువ వేస్తాం, ఆయిల్ మీద మిగుల్చుకుంటాం. హోల్‌సేల్ కొట్లో పెట్టెల లెక్కన కొంటే మాకు పడే రేటు వేరు, డబ్బా మీద అచ్చేసిన ఎమ్మార్పీ వేరు. లేబరు 350 చూసి మీరు సంతోషపడేవారు, ఎమ్మార్పీ చూసి నేను సంతోషపడేవాణ్ణి. ఈ మధ్య ఒక కస్టమరు బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ ఫోన్ నా ముందు పెట్టాడు. అదే కంపెనీ, అదే గ్రేడు, అదే మూడున్నర లీటర్ల డబ్బా, నా బిల్లు కంటే నాలుగు వందలు తక్కువ. "ఆన్‌లైన్‌లో వచ్చేవన్నీ డూప్లికేట్లు సార్" అనేశాను. అన్నాక నాకే ఎలాగో అనిపించింది. డూప్లికేట్లు ఉన్న మాట నిజమే, కానీ ఆయన చూపించింది డూప్లికేటని నాకేం తెలుసు? నోటికొచ్చింది అనేశాను, అంతే. ఆయన నవ్వి డబ్బులిచ్చేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తరవాత కొన్నాళ్లకి మన లెక్కల మాస్టారు వచ్చారు. పటమటలో ఉంటారు, రిటైరయ్యారు, పాత పెట్రోల్ స్విఫ్ట్. వాళ్లబ్బాయి డాలస్‌లో తన కారు ఆయిల్ తనే మార్చుకుంటాడట. "వాడు సాఫ్ట్‌వేరోడు, వాడే మార్చుకుంటుంటే నేనెందుకు మార్చుకోలేనోయ్?" అని అడిగారు. మార్చుకోలేకేం, ఆదివారం రండి, మన లిఫ్టు మీదే చేద్దురుగాని అన్నాను. నిజంగానే పాత చొక్కా వేసుకుని, కళ్లజోడుకి తాడు కట్టుకుని వచ్చేశారు.

ఇంజిన్ని అయిదు నిమిషాలు నడిపి ఆపాం. మరీ చల్లగా ఉంటే ఆయిల్ సరిగ్గా దిగదు, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ కింద డ్రెయిన్ బోల్టుని పానాతో వదులు చేసి, ఆఖరి చుట్లు వేళ్లతో తిప్పమన్నాను. ఆయిల్ నిట్టనిలువుగా పడుతుందనుకుని మాస్టారు ట్రేని సరిగ్గా బోల్టు కింద పెట్టారు. అది పడదు. మొదట ధార జానెడు దూరం ఎగిరి పడుతుంది, తగ్గేకొద్దీ వెనక్కి వస్తుంది. మొదటి చెంబెడు నేల మీదా, ఇంకాస్త ఆయన మణికట్టు మీంచి మోచేతి దాకా పోయింది. "ముందే చెప్పొచ్చు కదోయ్" అన్నారు. చెబితే గుర్తుండదు మాస్టారూ అన్నాను.

ఫిల్టర్ విప్పాక "దానికి రబ్బరు రింగు ఉందా చూడండి" అన్నాను. లేదు. పైన ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నలుపు మీద నలుపు, చూపు ఆనదు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. బండి స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది, ప్రెషర్ పెరిగాక ఒక రింగు జారి ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు మరేం మరిచిపోయినా ఆ రింగు సంగతి మరిచిపోవద్దు. కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తో ఆనేదాకా తిప్పి, ఆ తరవాత ముప్పావు చుట్టు. పానాతో బిగించకండి, తరవాతిసారి విప్పేవాడు మిమ్మల్నే తిట్టుకుంటాడు.

ఆయిల్ పోసేటప్పుడు డబ్బాలో మిగిలిపోతోంది కదా అని మొత్తం ఒంపబోయారు. ఆ ఇంజిన్‌కి పట్టేది మూడు లీటర్ల పైన కొంచెం, అంతే. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంకు తగిలి నురగ కడుతుంది, నురగ పట్టిన ఆయిల్ పనిచెయ్యదు. పోసి, స్టార్ట్ చేసి, ఆపి, కాసేపాగి ఆయిల్ మట్టం చూపించే డిప్‌స్టిక్ తీసి చూడాలి. మొత్తం గంటా నలభై నిమిషాలు పట్టింది. మా కుర్రాడు పాతిక నిమిషాల్లో చేస్తాడు.

అప్పుడు నేను అసలు పాయింటుకి వద్దామనుకున్నాను. మాస్టారూ, ఆయిల్ ఎవరైనా మార్చొచ్చు, మీరు నాకిచ్చే డబ్బు బండి కింద చూసే చూపుకి అని. ఈలోగా ఆయనే తలెత్తి, "ఇదేమిటోయ్, టైరు లోపలి పక్కంతా నల్లగా జిడ్డు?" అన్నారు. యాక్సిల్ రబ్బరు బూటు చిట్లి, గ్రీజంతా చక్రం లోపల చిమ్మి ఉంది. అప్పుడే చూశాం కాబట్టి వందల్లో పోయింది. దుమ్ము చేరి జాయింటు టకటకమనడం మొదలైతే వేలల్లోకి వెళ్తుంది. నేను చెప్పబోయే మాట ఆయనే లాగేసుకున్నారు. ఇప్పటికీ అది తలుచుకుంటే నవ్వొస్తుంది.

వాళ్లబ్బాయి లెక్క అక్కడ సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో మెకానిక్ గంటకి వంద డాలర్లు దాటి తీసుకుంటాడు. ఇంటికి గరాజ్ ఉంటుంది. పాత ఆయిల్‌ని చాలా ఆటోపార్ట్స్ షాపులు ఊరికే తీసుకుంటాయి. పైగా 1975 నాటి చట్టం ఒకటి ఉంది. ఆయిల్ మీరే మార్చుకున్నారన్న ఒక్క వంకతో కంపెనీ వారంటీ ఎగ్గొట్టడానికి లేదు, రసీదులు దాచుకుంటే చాలు. మనకి అలాంటి చట్టం లేదు. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల పైన జరిమానా వేసింది. స్పేర్ పార్టులు బయట మార్కెట్లో దొరకనివ్వడం లేదనీ, బయట మెకానిక్ చెయ్యి పడితే వారంటీ పోతుందని భయపెడుతున్నారనీ. కంపెనీలు కోర్టులకెళ్లాయి. నాలాంటివాడికి ఆ తీర్పు గోడకి పటం కట్టుకోవడానికి బాగుంటుంది గానీ, మీ వారంటీ బుక్కులో రాసింది మాత్రం మీరు చదువుకోవాల్సిందే.

అందుకే నా షెడ్డుకి నష్టమైనా చెబుతున్నాను, బండి వారంటీలో ఉన్నన్నాళ్లూ షోరూమ్‌లోనే సర్వీసు చేయించండి. మాస్టారికీ ఇదే చెప్పాను, ఆయన బండికి వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి సరిపోయింది. షోరూమ్‌లో రికార్డు ఉంటుంది, అమ్మేటప్పుడు దానికో విలువ ఉంటుంది, కంపెనీ ఏదైనా పార్టుని వెనక్కి పిలిస్తే వాళ్లే ఊరికే మార్చిపెడతారు. ఫ్రీ సర్వీసంటే లేబరు మాత్రమే ఫ్రీ, ఆయిల్‌కి డబ్బులు కట్టాలి, అది మొదటి బిల్లు చూసి అందరూ ఉలిక్కిపడేదే. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు మాత్రం చదవండి. మా బావమరిది కొత్త బండికి రెండో సర్వీసులో, ఏ షోరూమో పేరొద్దు, ఇంజిన్ ఫ్లషింగూ, ఏసీ క్లీనింగూ, ఇంకేదో కోటింగూ కలిపి బిల్లు మూడింతలు చేశారు. పదివేల కిలోమీటర్లు కూడా తిరగని ఇంజిన్‌లో ఫ్లష్ చెయ్యడానికి ఏముంటుంది? "ఇవి వద్దు" అంటే తీసేస్తారు. మనవాళ్లకి ఆ ఏసీ గదిలో, కాఫీ ఇచ్చాక, వద్దనడానికి మొహమాటం.

ఇక నా తప్పు. కిందటి వానాకాలం మన షెడ్డులో ఆయిల్ మార్చుకుని ఒక కుటుంబం హైదరాబాద్ బయలుదేరింది. నందిగామ దాటాక ఆయిల్ లైటు వెలిగింది. ఆయన తెలివైనవాడు, అక్కడికక్కడే ఇంజిన్ ఆపేశాడు. ఇంకో పది కిలోమీటర్లు పోనిచ్చి ఉంటే ఇంజిన్ పట్టేసేది. నేను వేరే బండిలో ఆయిల్ డబ్బా వేసుకుని వెళ్లి కింద దూరి చూస్తే, డ్రెయిన్ బోల్టు మరలు పోయి ఉంది, చుక్కచుక్కగా కారుతోంది. మా కుర్రాడు పాత వాషరే మళ్లీ వేశాడు. అది కారుతోందని పానాకి పైపు తగిలించి బలమంతా పెట్టి బిగించాడు. పది రూపాయల వాషరు. ఛాంబర్ నా ఖర్చుతో మార్చాను, వాళ్లని ట్యాక్సీలో పంపాను. కుర్రాణ్ణి తిట్టలేదు, ఎందుకంటే "వాషర్లు అయిపోయాయి, ఈసారికి పాతదే వేసెయ్" అన్నది నేనే.

ఆ తరవాత బోల్టుని ఎంత కావాలో అంతే బిగించే టార్క్ రెంచ్ కొన్నాం, వాషర్ల డబ్బా నా గల్లాపెట్టె పక్కనే పెట్టాను. బోల్టు బిగించాక దాని మీదా ఛాంబర్ మీదా కలిపి పసుపు పెయింటుతో ఒక గీత గీస్తాం. గీత విరిగితే బోల్టు కదిలిందని అర్థం. ఆ గీతా, పాత ఫిల్టరూ, కింద మాకు కనబడినవీ ఫోటోలు తీసి మీ వాట్సాప్‌కి పంపుతాం. 600లో వచ్చేది ఇదీ. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బూట్లు, కూలెంటు, బెల్టు చూసి, ఏది ఇప్పుడే మార్చాలో ఏది ఇంకో ఏడాది ఆగొచ్చో రాసిస్తాను. ఫోటో రాకపోతే డబ్బులివ్వకండి.

మీరు తెచ్చుకునే ఆయిల్ గురించి. మీ బండి బుక్కులో ఏ గ్రేడు రాసుందో అదే తేండి. 0డబ్ల్యూ-20 అని, అంటే పల్చటి ఆయిల్ అని రాసిన ఇంజిన్‌కి "మన ఎండలకి చిక్కటిదే మంచిది" అని ఎవరో చెప్పారని 20డబ్ల్యూ-50 తెస్తే నేను పొయ్యను, కోప్పడకండి. ఆ కొత్త ఇంజిన్ల సందులు పల్చటి ఆయిల్‌కి తగ్గట్టు చేసినవి. 2020 ఏప్రిల్ తరవాత వచ్చిన బీఎస్ 6 (కొత్త పొల్యూషన్ రూల్) డీజిల్ బండ్లలో పొగని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దానికి బూడిద తక్కువ వచ్చే ఆయిలే పొయ్యాలి. మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఆ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది, దాని ఖరీదు వింటే గుండె ఆగుతుంది. సీలు మీ ముందే తీస్తాం, ఖాళీ డబ్బాకి మీ ముందే చిల్లు పొడుస్తాం. మంచి కంపెనీ ఖాళీ డబ్బాలకి పాతసామాన్ల వాళ్ల దగ్గర గిరాకీ ఎందుకుంటుందో ఒకసారి ఆలోచించండి. ఆయిల్ నా దగ్గరే కొంటానంటే సంతోషం, ఇకమీద ఎమ్మార్పీ కాదు, నా కొన్న రేటు మీద వంద రూపాయలు.

జీఎస్టీ తగ్గింది కదా, బిల్లు తగ్గలేదేమని చాలామంది అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి, 28 శాతం ఉన్న స్పేర్ పార్టులన్నీ 18లోకి వచ్చాయి, ఆ తేడా మీ బిల్లులో వేశాను. ఆయిల్ మీద ముందు నుంచీ 18 శాతమే.

ఇంకో సంగతి, నా గల్లాపెట్టెకి నేనే పెట్టుకుంటున్న చిల్లు. అద్దం మీద అంటించే స్టిక్కరు మీద ఇన్నాళ్లూ "తరువాతి ఆయిల్" అని అయిదు వేల కిలోమీటర్లు కలిపి రాసేవాళ్లం. అంబాసిడర్ల కాలం నాటి లెక్క అది. ఇప్పటి సింథటిక్ ఆయిల్‌కి చాలా పెట్రోల్ కార్ల బుక్కుల్లో పదివేలో, ఏడాదో, ఏది ముందొస్తే అది అని ఉంటుంది. ఇకమీద మీ బుక్కులో ఉన్నదే రాస్తాం. ఏడాదికి మూడు వేలు తిరిగే బండి అయినా ఏడాదికోసారి మార్చాల్సిందే, చిన్న చిన్న దూరాలకి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఆయిల్‌లో తేమ చేరుతుంది. డీజిల్ బండి ఆయిల్ నల్లబడిందని మాత్రం పరిగెత్తుకు రాకండి, మార్చిన వారానికే నల్లబడుతుంది. బీఎస్ 6 డీజిల్‌లో డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే మాత్రం వెంటనే రండి, డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట.

ఇంట్లోనే చేసుకుంటానంటే కూడా ఫోన్ చెయ్యండి, చెబుతాను, దానికి డబ్బులేం లేవు. బండితో ఇచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్మి కింద దూరకండి, స్టాండ్లు వాడండి. పాత ఆయిల్ మురిక్కాలవలో పొయ్యకండి. 2016 రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. మూతున్న క్యాన్‌లో పోసి మన దగ్గరికి తెస్తే మా డ్రమ్ములో కలిపి వాళ్లకే పంపిస్తాం. మాస్టారు తన అపార్టుమెంట్లో చేసుకుందామనుకున్నారు గానీ, పార్కింగ్ టైల్స్ మీద మరక పడితే ఊరుకోమని అసోసియేషన్ వాళ్లు అన్నారట. అందుకని ఆయన కోసం మొదలుపెట్టిన ఆదివారం పద్ధతే అందరికీ పెడుతున్నాను. పొద్దున ఏడు నుంచి పది దాకా లిఫ్టు ఖాళీ, బండికి 300, పానాలు మావి, చేతులు మీవి, పక్కన నేనుంటాను. రోజుకి రెండు బండ్లే. వచ్చే ఆదివారం ఒకటి మాస్టారి తమ్ముడిగారిది, ఇంకొకటి ఖాళీ ఉంది.