మంచి గేములే, కానీ ముందే చెప్పాలి: డబ్బాల మీద కొత్త చీటీల సంగతి

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మన దగ్గర అద్దెకిచ్చే గేములకీ, అమ్మే సెకండ్ హ్యాండ్ డిస్కులకీ డబ్బా మీద ఒక పసుపు చీటీ అంటిస్తున్నాం. గేమ్ ఎంత బాగుంటుందో అందులో రాయం. ఆ సంగతి డబ్బా వెనకాల రంగురంగుల్లో అచ్చేసే ఉంటుంది. చీటీ మీద లోపం మాత్రమే ఉంటుంది: ఎక్కడ విసిగిస్తుంది, ఆ విసుగు ప్యాచ్‌తో (గేమ్ వచ్చాక కంపెనీ పంపే సవరణతో) పోయిందా, పోకపోతే మీ చేతిలో ఏమైనా ఉందా, లేదా.

బాగాలేకపోతే ఎందుకు పెట్టారని అడగొద్దు. ఇవన్నీ బాగున్న గేములే. చెత్త గేముకి చీటీ దండగ, దాన్ని తెప్పించం అంతే. సగంలో తిరిగొచ్చే డిస్కులు చాలావరకు మంచి గేములవే. ఆడేవాళ్లు ఒకచోట ఇరుక్కుంటారు. తప్పు తమదో గేముదో తేలక వదిలేస్తారు. అక్కడ ఇరుక్కుంటారని ముందే తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

సైబర్‌పంక్ 2077 నుంచే మొదలుపెడదాం, ఎక్కువమంది అడిగేది దీని గురించే. 2020 డిసెంబర్ 10న వచ్చింది. పీఎస్4లో (ప్లేస్టేషన్ 4) ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచే తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నది 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 ప్యాచ్ తర్వాతి గేముని. స్కిల్ ట్రీ (పాత్ర నేర్చుకునే నైపుణ్యాల పట్టిక) మొత్తం తిరగరాశారు, పోలీసులు వెంటపడే పద్ధతి మార్చారు, రక్షణ బలం బట్టల నుంచి ఒంట్లో పెట్టించుకునే సైబర్‌వేర్‌కి మారింది. కానీ ఆ 2.0 పీఎస్4కీ పాత ఎక్స్‌బాక్స్ వన్‌కీ రానేలేదు. దాని అదనపు కథ ఫాంటమ్ లిబర్టీ కూడా అంతే. పేరు ఒకటే, డబ్బా ఒకటే, లోపల గేములు మాత్రం రెండు. అందుకే ఇంట్లో పీఎస్4 మాత్రమే ఉన్నవాళ్లకి ఈ డిస్క్ ఇవ్వడం ఆపేస్తున్నాం. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 ఉంటే అదే పీఎస్4 డిస్క్ పెట్టి పీఎస్5 వెర్షన్‌ని ఉచితంగా దించుకోవచ్చు. ఆడినంతసేపూ డిస్క్ లోపలే ఉండాలి. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ పీఎస్5 వాళ్లకి ఈ దారి లేదు.

ప్యాచ్‌లకు లొంగనిది ఒకటుంది. మొదట్లో నోమాడ్, స్ట్రీట్‌కిడ్, కార్పో అని మూడు నేపథ్యాల్లో ఒకటి ఎంచుకోమంటారు. ఆ తొలి ఘట్టం దాటాక తేడా చాలావరకు సంభాషణల్లో అదనంగా వచ్చే ఒకటి రెండు మాటలకే పరిమితం. కాబట్టి అక్కడ గంటసేపు తల బద్దలు కొట్టుకోకండి.

ప్యాచ్‌తో పోయే లోపానికి సైబర్‌పంక్ ఉదాహరణ. పోనే పోని లోపానికి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018). ఊళ్లో ఎవరినైనా పలకరించొచ్చు, ఏ కొండైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా డేరా వేసుకోవచ్చు. మిషన్ మొదలవగానే ఈ స్వేచ్ఛంతా గాలికి పోతుంది. పక్క సందులోంచి చుట్టి వద్దామనుకుంటే 'మిషన్ ఫెయిల్'. పసుపు గీత వెంట వెళ్లాలి, చెప్పిన చోట దాక్కోవాలి, చెప్పినప్పుడు కాల్చాలి. ఇది గేమ్ పుట్టుకలోనే ఉంది, ఏ సెట్టింగ్‌తోనూ పోదు. ఇలా ఆడటం మీకు పడకపోతే కథ ఎంత గొప్పదైనా యాభై గంటలు భరించడం కష్టం. పడితే మాత్రం దీనికి సాటి వచ్చేవి తక్కువ.

సర్దుకోగలిగినవి రెండు ఉన్నాయి. గురిపెట్టడం బరువుగా, ఆలస్యంగా అనిపిస్తే కంట్రోల్ సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ బాగా తగ్గించి, యాక్సిలరేషన్ పెంచండి. గుర్రం దిగాక చేతిలో తుపాకీ లేదేంటని తిట్టుకుంటున్నారా? పెద్ద తుపాకులు గుర్రం జీనులోకి వెళ్లిపోతాయి. దిగే ముందే వెపన్ వీల్ తెరిచి రైఫిల్ ఎంచుకుంటే మీతోపాటు దిగుతుంది. ఇంకోటి, మంచులో సాగే మొదటి అధ్యాయం చూసి తీర్పు చెప్పకండి. అది పూర్తిగా పట్టాల మీద నడుస్తుంది. రెండో అధ్యాయంలో గానీ ప్రపంచం తెరుచుకోదు.

బ్లడ్‌బోర్న్ (2015) విషయంలో మా గొడవంతా ప్రాణం నింపే మందు, బ్లడ్ వయల్స్‌తోనే. ఇదే కంపెనీ చేసిన డార్క్ సోల్స్‌లో చచ్చి లేచినప్పుడల్లా మందు సీసా నిండుతుంది. ఇక్కడ నిండదు. ఒంటి మీద ఇరవై వయల్స్ పడతాయి, వాడితే అయిపోతాయి, స్టోరేజ్‌లో మిగిలి ఉంటేనే మళ్లీ నిండుతాయి. దాంతో ఎవరికి బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఎక్కువ సాయం కావాలో వాళ్లే ముందు ఖాళీ అవుతారు. బాస్ మీద నేర్చుకోవాల్సిన టైములో వెనక్కెళ్లి వయల్స్ పోగేసుకోవాలి. కష్టంగా ఉంది కదా అని మెచ్చుకునే రకం లోపం కాదిది, లెక్క తప్పిన లోపం. విరుగుడు: లెవెల్ పెంచుకోగా చిల్లరగా మిగిలిన ఎకోస్‌ని (శత్రువుల్ని చంపితే దొరికే డబ్బులాంటివి) దాచుకోకుండా ప్రతిసారీ వయల్స్‌గా మార్చేయండి. కథ ముందుకెళ్లే కొద్దీ వాటి ధర పెరుగుతుంది కాబట్టి మొదట్లోనే కొని పడేయడం లాభం.

ఇదే గేములో కొత్తవాళ్లకి ఎదురయ్యే రెండో గోడ, లెవెల్ పెంచుకోవడం ఎలాగో ఎవరూ చెప్పకపోవడం. లెవెల్ పెంచేది హంటర్స్ డ్రీమ్ అనే స్థావరంలో ఉన్న బొమ్మ. అది కదలాలంటే మీ దగ్గర కనీసం ఒక ఇన్‌సైట్ పాయింట్ ఉండాలి. సెంట్రల్ యార్నమ్ వంతెన మీద క్లెరిక్ బీస్ట్ అనే బాస్ ఎదురుపడితే చాలు, ఆ ఇన్‌సైట్ వచ్చేస్తుంది. గెలవక్కర్లేదు, ఓడిపోయి లేచినా బొమ్మ మాట్లాడుతుంది. ఇక ఫ్రేమ్ రేట్ (తెర మీద బొమ్మలు మారే వేగం) సంగతి: సెకనుకి 30 దగ్గర కట్టేశారు, పీఎస్5లో పెట్టినా అంతే. దీనికి మందు లేదు.

ఎల్డెన్ రింగ్ (2022) గురించి ఎక్కువ రాయం. రెండో సగంలో చూసిన బాసులే మళ్లీ మళ్లీ వస్తారు. ఎవరి కథ ఎక్కడ ఆగిందో చెప్పే చిట్టా ఉండదు, కాగితం మీద రాసుకోవాల్సిందే. పీఎస్5 వాళ్లకి ఒక్క చిట్కా: పీఎస్5లో పీఎస్4 వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే తెర మీద దృశ్యం కాస్త పలచబడుతుంది గానీ 60 ఫ్రేములు దాదాపు నిలకడగా వస్తాయి. మా ఓటు దానికే.

ఇప్పుడు డ్రాగన్స్ డాగ్మా 2 (2024). ఈ చీటీ తప్పనిసరిగా చదవండి, ఎందుకంటే ఇందులో తెలియక పోగొట్టుకున్నది తిరిగి రాదు. సేవ్ ఒక్కటే. అది కూడా ఆడుతుండగానే ఆటోసేవ్‌తో మారిపోతూ ఉంటుంది. వెనక్కి వెళ్లడానికి చివరిసారి సత్రంలో పడుకున్నప్పటి సేవ్ ఒక్కటే దిక్కు. ఒకే ప్రొఫైల్‌లో ఇద్దరు ఆడాలనుకుంటే కుదరదు, విడివిడి ప్రొఫైల్స్ పెట్టుకోండి.

దీని పక్కన డ్రాగన్స్‌ప్లేగ్ అనే జబ్బుని పెట్టి చూడండి. మీతో తిరిగే పాన్స్‌కి (గేమే నడిపే సహచరులకి) ఇది అంటుకుంటుంది. లక్షణాలు: చెప్పిన మాట వినకపోవడం, తల పట్టుకోవడం, కళ్లలో ఎర్రటి మెరుపు. పట్టించుకోకుండా ఊళ్లో సత్రంలో పడుకున్నారనుకోండి, తెల్లారేసరికి ఆ ఊళ్లో ఉన్న పాత్రలన్నీ చచ్చిపోయి ఉంటాయి. మీరు సగం చేసిన క్వెస్టుల (అప్పగించిన పనుల) మనుషులు కూడా. సత్రం సేవ్‌కి వెనక్కి వెళ్దామంటే ఆ నిద్రతోనే అది కూడా మారిపోయింది! ఆలోచనగా చూస్తే అద్భుతం, ఇంత ధైర్యం చేసే గేములు తక్కువ. కానీ సేవ్ ఒక్కటే ఇచ్చి ఈ దెబ్బ కొట్టడం, హెచ్చరికని పాన్స్ సొంత మాటల్లో అటూ ఇటూ కలిపి వదిలేయడం మాకు నచ్చలేదు. తర్వాతి ప్యాచ్‌లో జబ్బు అంటుకునే అవకాశం తగ్గించారు గానీ తీసేయలేదు.

చేయాల్సింది ఇది. ఏ పెద్ద ఊళ్లోనైనా పడుకునే ముందు ముగ్గురు పాన్స్ కళ్లూ దగ్గరగా చూడండి. వేరే ఆటగాళ్ల నుంచి గేములో తెచ్చుకున్న అద్దె పాన్‌కి ఉంటే పంపించేయండి. మీ సొంత పాన్‌కి ఉంటే ఎత్తుకెళ్లి లోతైన నీళ్లలో పడేయండి. నీళ్లలోని బ్రైన్ అనే జీవి మింగేస్తుంది, పాన్స్‌ని పిలిచే రిఫ్ట్‌స్టోన్ రాయి దగ్గర మళ్లీ పిలిస్తే జబ్బు లేకుండా వస్తుంది. అనుమానంగా ఉంటే ఊరి బయట క్యాంప్ వేసుకుని పడుకోండి. అప్పటికే ఘోరం జరిగిపోయి ఉంటే శవాగారానికి వెళ్లి వేక్‌స్టోన్‌తో ఒక్కొక్కరినే లేపుకోవాలి, క్వెస్ట్ ఇచ్చినవాళ్లని ముందు చూసుకోండి.

పట్టణాల్లోకి రాగానే గేమ్ నత్తలా నడవడం మాత్రం మీ కన్సోల్ జబ్బు కాదు. అక్కడున్న ప్రతి మనిషి కదలికకీ ప్రాసెసర్ మీద భారం పడుతుంది. ప్యాచ్‌లతో కొంత మెరుగుపడింది, పూర్తిగా పోలేదు. పీసీలో ఆడేవాళ్లు గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించి లాభం లేదేంటని అడుగుతుంటారు. పట్టణంలో ఇరుకు గ్రాఫిక్స్ కార్డ్ దగ్గర లేదు, ప్రాసెసర్ (సీపీయూ) దగ్గర ఉంది.

మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్ (2015) పనితనంలో దాదాపు వంక పెట్టలేనిది, నిర్మాణంలో మాత్రం సగంలో ఆగిన ఇల్లు. మొదటి అధ్యాయం 31వ మిషన్‌తో అయిపోతుంది. రెండో అధ్యాయంలో పాత మిషన్లే 'ఎక్స్‌ట్రీమ్', 'సబ్సిస్టెన్స్', 'టోటల్ స్టెల్త్' అన్న తోకలు తగిలించుకుని మళ్లీ వస్తాయి. 51వ మిషన్ అనుకున్నది పూర్తవలేదు, కలెక్టర్స్ ఎడిషన్‌లో అసంపూర్ణ వీడియోగా మాత్రమే ఇచ్చారు. ఇక్కడే చాలామంది డిస్క్ వెనక్కిచ్చేస్తున్నారు. ఆ తోకల మిషన్లు ఆడక్కర్లేదు. సైడ్ ఆప్స్ (పక్క పనుల) జాబితాలో పసుపు రంగులో ఉన్నవి చేసుకుంటూ పోండి, కథ కదులుతుంది.

అసలు ఆనందం శత్రువులు మిమ్మల్ని చూసి నేర్చుకోవడంలో ఉంది. తలకే గురిపెట్టి మత్తు తూటాలు వేస్తూ పోతే కొన్నాళ్లకి అందరూ హెల్మెట్లు పెట్టుకొస్తారు. రాత్రిపూటే దాడి చేస్తుంటే నైట్ విజన్ కళ్లద్దాలు వస్తాయి. అప్పుడు గేమ్ కష్టమైపోయిందని వదిలేయకండి. మీ కింద పనిచేసే సైనికుల కంబాట్ యూనిట్‌ని డిస్పాచ్ మిషన్‌కి పంపి హెల్మెట్ల సరఫరాని తెంచేయొచ్చు, కొంతకాలం బోడి తలలే దొరుకుతాయి.

బ్యాట్‌మన్: ఆర్ఖమ్ నైట్ (2015) పీసీ వెర్షన్‌ని వచ్చిన రోజుల్లోనే అమ్మకం నుంచి తీసేసి అక్టోబర్ చివర్లో మళ్లీ పెట్టారు. కన్సోల్‌లో ఆ గొడవ లేదు, అందరికీ ఉన్న గొడవ బ్యాట్‌మన్ కారు, బ్యాట్‌మొబైల్. దాంట్లో తిరగడం బాగుంటుంది. దాంతో ట్యాంకు యుద్ధాలు లెక్కకు మించి చేయించడమే విసుగు. కోబ్రా ట్యాంకులు వస్తే ఎదురెళ్లి కాల్చకండి, ముందు భాగానికి ఏమీ కాదు. వెనకనుంచి మెల్లగా చేరి, ఎర్రగా మెరిసే భాగం మీద గురి కుదిరేదాకా ఆగి ఒక్క ఫిరంగి గుండు వేయండి. పూర్తి ముగింపు చూడాలంటే రిడ్లర్ అనే విలన్ పెట్టిన 243 పరీక్షలూ పూర్తిచేయాలి. ఇది మాకు అన్యాయంగానే తోస్తుంది. అంత ఓపిక లేకపోతే ఆ చివరి దృశ్యం వీడియోలో చూసుకోవడంలో సిగ్గేమీ లేదు. చేస్తానంటే మాత్రం డిటెక్టివ్ మోడ్‌లో ఆకుపచ్చగా కనిపించే రౌడీని చివరిదాకా కొట్టకుండా మిగిల్చి ప్రశ్నించండి, ట్రోఫీలు ఎక్కడున్నాయో మ్యాప్ మీద పడతాయి.

బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ (2017)లో ఆయుధాలు విరిగిపోతాయన్న ఫిర్యాదు రోజూ వినిపిస్తుంది. మేం దాన్ని లోపంగా రాయలేదు. విరగకపోతే మొదటి మంచి కత్తి దొరికిన దగ్గర్నుంచి ఇంకేమీ వాడరు. వానలో కొండ ఎక్కితే జారిపోవడం మాత్రం నిజంగా లోపమే. వాన ఆగేదాకా నిప్పు పక్కన కూర్చోవడం తప్ప ఎక్కువ చోట్ల చేసేదేమీ ఉండదు. ఆయుధం 'విరగబోతోంది' అని చూపించగానే శత్రువు మీదకి విసిరేయండి, విరుగుతూ రెట్టింపు దెబ్బ వేస్తుంది. రాళ్లు పగలగొట్టడానికి కత్తులు వాడకండి, బాంబులు ఎన్నైనా ఉన్నాయి. సంచి పూర్తిగా పెంచుకోవడానికి 441 కొరోక్ గింజలు చాలు, 900 దాకా వెతకడం మొండివాళ్ల పని.

చీటీలో చెప్పని లోపం వల్ల ఆగిపోతే డిస్క్ వారంలోపు తెచ్చి ఇంకో గేముతో మార్చుకోండి, అదనంగా ఏమీ తీసుకోం. చీటీలో ఉన్న లోపానికి మాత్రం మార్చం. రెడ్ డెడ్ 2 తీసుకెళ్లిన పీఎస్4 వాళ్లు గుర్తుంచుకోండి, డబ్బాలో డిస్కులు రెండు. డేటా డిస్క్ ముందు ఇన్‌స్టాల్ చేసి పక్కన పెట్టేస్తారు, ఆడేది ప్లే డిస్క్‌తోనే. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పక్కన పెట్టినది కూడా డబ్బాలో ఉందో లేదో చూసుకోండి.