తోరణం ఎటూ పోదు, చాయ్ ఆవిరి ఆగదు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో పాఠకుల ఫొటోలకు చోటిస్తున్నారు, సంతోషం. కానీ ఎప్పుడు చూసినా అవే మూడు: ఖిలా వరంగల్ తోరణం, వేయిస్తంభాల గుడి, రామప్ప. 1163 నాటి గుడికీ 1213 నాటి గుడికీ ఇంకో ఫొటో తక్కువైతే వచ్చే లోటేం లేదు, రేపు పోయినా అవి అక్కడే ఉంటాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి రాశి మీద పొద్దున పడే ఏటవాలు ఎండ గంటలో పోతుంది. కొత్తవాడలో మగ్గం మీది చేతులపై పడే వెలుగూ అంతే. ఇవి ఎవరూ తీయరని కాదు. తీస్తారు, ఫోన్‌లో చూసుకుని ‘కంటికి కనబడ్డట్టు రాలే’ అని తీసేస్తారు. ఎందుకు రాలేదో తెలిస్తే తీసెయ్యరు కదా అని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ముందు మిర్చి సంగతి. రాశిని ఫొటో తీస్తే కాయలు కనబడవు, ఎర్ర రంగు పారబోసినట్టు ఒకటే ముద్ద. కారణం ఫోన్ లెక్కే. అది ఫ్రేమంతటి వెలుగును సగటు చేసి చూసుకుంటుంది. ఆ సగటు సరిగ్గానే ఉన్నా, ఎరుపు ఒక్కటే పట్టగలిగినంత నిండిపోయి ఆగిపోతుంది. ఆగిన చోట కాయ మీది ముడత, మెరుపు, తొడిమ నీడ అన్నీ పోతాయి. తర్వాత ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా తిరిగి రావు. అందుకని తీసేటప్పుడే తగ్గించాలి. రాశి మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందికి జరపాలి. అంకెలు చూపించే ఫోన్ అయితే మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా. రంగులు పెంచే ‘వివిడ్’ మోడ్ ఉంటే తీసేయాలి. తీశాక పెద్దది చేసి చూడండి, ఒక్కో కాయ మీద సన్నని తెల్ల మెరుపు గీత విడిగా కనబడితే సరిగ్గా వచ్చినట్టు.

ఎండ ఎటునుంచి వస్తుందన్నది ఇంకా ముఖ్యం. మన వీపు వెనక నుంచి వస్తే రాశి చదునుగా పడుతుంది, పక్కనుంచి వస్తేనే గుండ్రం తెలుస్తుంది. 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) పొందిన మన చపాటా కాయైతే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. టమాటలా లావుగా, ముడతలు పడి ఉంటుంది కాబట్టి పక్క వెలుగులో ప్రతి ముడతకూ ఓ నీడ వస్తుంది. సన్నని తేజ కాయకు అంత రాదు. జెండా పాట (ఆ రోజు మొదటి వేలం) అయ్యేసరికి ఎండ నెత్తి మీదికి వస్తే మనుషుల కళ్ళ కింద నల్ల గుంటలు పడతాయి. అప్పుడు రాశులు వదిలేసి షెడ్డు అంచు నీడలోకి వచ్చి హమాలీల ముఖాలు తీసుకోవచ్చు. దస్తీ మరవకండి, ఘాటుకు దగ్గొచ్చి చెయ్యి కదిలితే ఫొటో పోయినట్టే.

తెలుపు, నలుపు దగ్గర ఫోన్ ఇంకోలా మోసపోతుంది. దాని దృష్టిలో లోకమంతా నడిమి బూడిద రంగులో ఉండాలి. అందుకే డిసెంబరులో భద్రకాళి చెరువు మీది మంచు మసక మురికిగా వస్తుంది, దానికి 0.7 పెంచాలి. గుడిలో నున్నగా చెక్కిన నల్లరాతి స్తంభం అనవసరంగా తెల్లబడుతుంది, దానికి తగ్గించాలి.

చాయ్ దుకాణం ముందు గ్లాసు మీది ఆవిరిది ఇంకో ఇబ్బంది. వెలుగు ముందునుంచి పడితే ఆవిరి కనబడదు. గ్లాసు వెనక, కాస్త పక్కగా ఎండ ఉండాలి. ఆ వెనకే చీకటిగా ఉన్న చోటు, దుకాణం లోపలి నీడో నల్లని తలుపో, ఉండాలి. ఈ రెండూ కుదిరితే ఆవిరి తెల్లగా లేస్తుంది. మరీ దగ్గరికి పోతే ఫోకస్ దొరక్క గ్లాసు మసకబారుతుంది, ఓ జానెడు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టుకోండి. చలికాలం పొద్దున ఏడు నుంచి ఏడున్నర మధ్య దీనికి మంచి సమయం. వేసవిలో ఆవిరి అంతగా కనబడదు కూడా.

అన్నట్టు, లెన్స్ తుడవండి. జేబులో, చేతి జిడ్డుతో ఉన్న లెన్స్‌తో తీస్తే వెనక వెలుగంతా పాలు కలిపినట్టు పరుచుకుంటుంది. పాత నూలు గుడ్డ చాలు.

కొత్తవాడలో నేసే షత్రంజీలకు (నూలు తివాచీలకు) 2018లో జీఐ వచ్చింది. ఆ మగ్గాలు నడిచే గదుల్లో వెలుగు తలుపు నుంచో కిటికీ నుంచో మాత్రమే వస్తుంది. పేకను, అంటే అడ్డదారాన్ని, అటూ ఇటూ మోసే నాడె పరుగును ఆపి పట్టాలంటే సెకనులో 250వ వంతు కావాలి, అంత వేగానికి ఆ గదిలో ఫొటో గరుకు గరుకుగా వస్తుంది. ఆపకండి, నాడెను చెరిగిపోనివ్వండి. వేగం మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో సెకనులో 30వ వంతు పెట్టి, మోచేతులు గోడకు ఆనించి, పేకను దగ్గరికి కొట్టే దెబ్బ పడేదాకా ఆగండి. ఆ క్షణంలో చేతులు ఒక్క రవ్వ నిలుస్తాయి, ముఖమూ నిలుస్తుంది. ఫ్లాష్ మాత్రం వేయొద్దు, దారాల మధ్య నీడలన్నీ చంపేస్తుంది.

బతుకమ్మకూ ఇదే లెక్క. వంగి చప్పట్లు చరిచినప్పుడు చేతులు కలిసే క్షణం పట్టండి, మిగతా సమయమంతా అవి కదులుతూనే ఉంటాయి. పూర్తి చీకటి పడ్డాక నైట్ మోడ్ పెడితే ఫోన్ సెకను, రెండు సెకన్లు వెలుగు పోగేస్తుంది, ఆడే అక్కలంతా దయ్యాల్లా సాగిపోతారు. నైట్ మోడ్‌ను పేర్చి పెట్టిన బతుకమ్మకే వాడండి. మనుషులకైతే సూర్యుడు దిగాక ఓ ఇరవై నిమిషాలు, ఆకాశం ఇంకా నీలంగా ఉండి దీపాలు వెలిగే వేళ. తంగేడు పసుపు కూడా మిర్చి ఎరుపు లాగే నిండిపోతుంది, కాస్త తగ్గించండి. గునుగు తెల్లదనం అప్పుడే నిలుస్తుంది.

‘అక్కా, ఒక్క ఫొటో తీసుకుందునా’ అని అడగడం మరవద్దు. అడిగితే సహజత్వం పోతుందంటారు కొందరు. పోతుంది, రెండు నిమిషాలు. తర్వాత వాళ్ళ పనిలో వాళ్ళు పడతారు. వద్దంటే వద్దే. ఇష్టపడితే 4×6 ప్రింటు తీసి తిరిగి ఇవ్వండి. వరంగల్‌లో పుట్టి 2022లో కన్నుమూసిన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ పల్లె ఆడవాళ్ళను, బతుకమ్మను, పాత ఇళ్ళ తలుపులను ఏళ్ళ తరబడి తీశారు. ఎదుటి మనిషి ఒప్పుకోలు లేకుండా అలాంటి ముఖాలు రావు.

ఇక మీకో విన్నపం. పాఠకులు వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటో చిన్నదైపోతుంది, అచ్చులో గళ్ళు గళ్ళుగా తేలుతుంది. డాక్యుమెంట్‌గా పంపమని పేజీలో ఓ ముక్క వేయండి. ఫిల్టర్ వేసినవి తీసుకోకండి, చపాటా కాయకు ఉన్న ఎరుపే ఎక్కువ. ఫొటో కింద తీసిన వారి పేరుతో పాటు చోటు, సమయం వేస్తే ఇంకొకరు అదే వేళకు అక్కడికి పోయి చూసుకుంటారు. తోరణం ఫొటో వస్తే వేయండి గానీ, తోరణం కింద కూర్చుని పల్లీలు అమ్మేవాళ్ళు కూడా ఫ్రేములో ఉన్నదే వేయండి.

ఇట్లు,
ఇద్దరు స్టూడియో ఫొటోగ్రాఫర్లు,
హనుమకొండ