శ్రీశైలం ముంపు కాగితాలు వెతకండి

అందరికీ నమస్కారం. నిన్న గ్రూపులో కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్ల ఫొటోలు చూసి మా పిల్లలు ‘బ్యాక్‌వాటర్ ఎంత బాగుందో’ అని మురిసిపోయారు. బాగుంది, నిజమే. కానీ ఆ నీళ్ల అడుగున మన పొలాలున్నాయని మనం చెప్పకపోతే వాళ్లకెవరు చెప్తారు?

1981లో శ్రీశైలం డ్యాం నింపడానికి కృష్ణ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించారు. రెండు వైపులా కలిపి వంద ఊళ్ల పైనే. మా నాయన దూలాలు, తలుపులు ఊడదీసి ఎడ్లబండి మీద కొల్లాపూర్‌కు తెచ్చాడు. పాత గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి వేరేచోట నిలబెట్టారు. మనుషుల ఊళ్లకు ఆ జాగ్రత్త దక్కలేదు. ఇంటికో ఉద్యోగమని 1986లో 98 జీవో వచ్చింది, మా ఇంటికైతే ఆ ఉద్యోగం ఇప్పటికీ రాలేదు.

నదికీ నష్టమే. 308 టీఎంసీలు పట్టాల్సిన డ్యాం ఒండ్రు పేరుకుపోయి 215 దగ్గరికి వచ్చింది. కింది పొలాలకు చేరాల్సిన ఒండ్రు అది. ఇంత పోగొట్టుకున్నాక కరెంటు లెక్క ఒక్కటే చెప్తే నాకు కడుపు మండుతుంది.

పాత పట్టా, నష్టపరిహారం రసీదు, ఏది దొరికినా ఫొటో తీసి ఆదివారంలోపు ఇక్కడ పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఊరి సంగతులు వాళ్ల గొంతుతోనే రికార్డ్ చేయండి. మా అవ్వ మాటలు నేను చేయలేకపోయాను.