కాలిక్యులేటర్ మూత నా దగ్గరే ఉంది

ఖమ్మం,
గురువారం రాత్రి

చిన్నితల్లీ,

కాలిక్యులేటర్ మూత కనిపించడం లేదని, హాస్టల్ గదంతా వెతికానని నిన్న ఫోనులో అన్నావు. అది నా దగ్గరే ఉంది. సంక్రాంతి సెలవులయ్యాక నువ్వు బయల్దేరిన రోజున నేనే తీసి బీరువాలో పెట్టాను. ఎందుకు తీశానో ఫోనులో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. ఆదివారం నాన్న హైదరాబాద్ వస్తున్నారు కదా, అందుకే రాసి ఆయన చేతికిస్తున్నాను.

ఆరేళ్ల కిందట మా కాలేజీలో సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయి. నాకు రెండో అంతస్తులో ఇన్విజిలేషన్ డ్యూటీ. ఆ ఉదయం బస్సు ఆలస్యమై, నేను వెళ్లేసరికే ప్రశ్నపత్రాల కట్టలు విప్పుతున్నారు. బుక్‌లెట్లు పంచడం, హాల్ టికెట్లు చూడటం, సంతకాలు పెట్టించడం, ఈ హడావుడిలో రోజూ చెప్పే ఒక్క మాట చెప్పలేదు. "కాలిక్యులేటర్ మూతలు తీసి బయట బ్యాగుల్లో పెట్టండి" అన్న మాట. గంట తరువాత కాపీలు పట్టుకునే తనిఖీ స్క్వాడ్ వచ్చింది. మూడో వరుసలో ఒక అబ్బాయి బల్ల మీదున్న మూతను తిప్పి చూశారు. లోపలి వైపు పెన్సిలుతో, చీమల బారులా, బీటా గామా ఫంక్షన్ల సూత్రాలు నాలుగు ఉన్నాయి.

బస్సులో చదువుకుంటూ, చేతిలో కాగితం లేక రాసుకున్నానని, చెరపడం మరిచిపోయానని ఆ అబ్బాయి అన్నాడు. నిజమే అయి ఉంటుంది. నేను వాడి బుక్‌లెట్ తిప్పి చూశాను. ఆ సూత్రాలతో పనిపడే లెక్కను వదిలేసి, దానికి బదులుగా ఇచ్చిన రెండో లెక్క రాస్తున్నాడు. అదీ చక్కగా రాస్తున్నాడు. ఆ మాటే స్క్వాడ్‌లో వచ్చినాయనతో అన్నాను. "వాడాడా లేదా అన్నది తరువాతి సంగతి మేడమ్, ఉందా లేదా?" అన్నారు. రిపోర్టులో ఇన్విజిలేటర్ సంతకం పెట్టాల్సిన చోట నేను సంతకం పెట్టాను.

ఆయన అన్నది నిబంధన ప్రకారం సరైనదే. జేఎన్టీయూ మాల్‌ప్రాక్టీసు నిబంధనల్లో మొట్టమొదటిదే అది. పరీక్ష రాస్తున్న సబ్జెక్టుకు సంబంధించిన కాగితం గానీ, నోటుపుస్తకం గానీ, సెల్‌ఫోను గానీ, ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ గానీ చేతికందేంత దూరంలో ఉంటే చాలు. దానివైపు కన్నెత్తి చూడకపోయినా హాలులోంచి పంపించి ఆ సబ్జెక్టు రద్దు చేస్తారు. చూసి రాశారని తేలితే ఆ సబ్జెక్టుతో పాటు అంతకుముందు రాసినవీ, ప్రాక్టికల్సూ కూడా పోతాయి, మిగిలిన పరీక్షలు రాయనివ్వరు. ఒకరి బదులు ఒకరు కూర్చుంటే ఏకంగా సీటే పోతుంది. కూర్చున్నది బయటివాడైతే పోలీసులకు అప్పగిస్తారు. ఇవన్నీ నీకు అక్కర్లేదని తెలుసు. మొదటిది మాత్రం కాపీ కొట్టే ఉద్దేశం లేనివాళ్లకు కూడా తగులుతుంది. హాల్ టికెట్ వెనక రాసుకున్న బస్సు టైము, అరచేతి మీద మరిచిపోకుండా రాసుకున్న ఒక ఫార్ములా, జీన్సు జేబులో మడతపడి ఉతుకులో కూడా పోని చీటీ, వీటిలో ఏది సబ్జెక్టుకు సంబంధించినదో ఏది కాదో హాలులో కూర్చుని వాదించుకునే వ్యవధి ఉండదు. లోపలికి వెళ్లేముందు గోడ పక్కన నిలబడి జేబులన్నీ ఒకసారి బయటికి లాగి చూసుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఆ అబ్బాయి తప్పు ఎంత, నాది ఎంత అని ఇప్పటికీ లెక్క వేస్తూనే ఉంటాను. ఆ రోజు నుంచి ఏ హాలుకు వెళ్లినా మూతల సంగతి రెండుసార్లు చెబుతాను. పిల్లలు నాకు ఏదో పేరు పెట్టారని కూడా విన్నాను. పెట్టుకోనీ.

ఇక రెండో సంగతి. ఒక యూనిట్ చాయిస్‌లో వదిలేసినా పర్వాలేదని మీ పెద్దనాన్నగారి అబ్బాయి చెప్పాడని అన్నావు. అన్నయ్య మంచివాడే, మంచి మార్కులతోనే పాసయ్యాడు. కానీ వాడు చదివింది ఆర్18, అంటే 2018 నాటి నిబంధనలు; నువ్వు చదువుతున్నది ఆర్22, 2022 నాటివి. వాడికి ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్ష, 75 మార్కులకు, కాలేజీలో వేసే ఇంటర్నల్ 25కు ఉండేవి. నీకు 60, 40. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనైతే ఎనిమిది ప్రశ్నలిచ్చి ఏవైనా ఐదు రాయమనేవారు, ఒక్కొక్కటి 16 మార్కులు. అప్పటి పిల్లలు దర్జాగా రెండు యూనిట్లు అటకెక్కించేవారు. ఇప్పుడు నీకు పార్ట్ ఏలో 10 ఒకమార్కు ప్రశ్నలు, యూనిట్‌కు రెండు చొప్పున. అన్నీ రాయాల్సిందే. పార్ట్ బిలో ఐదు ప్రశ్నలు, ఒక్కొక్కటి 10 మార్కులు. చాయిస్ ఉంటుంది గానీ అది ఆ యూనిట్‌లోనే, ఇది కాకపోతే అది. అంటే ఒక యూనిట్ వదిలేశావంటే 60లో 12 మార్కులు పరీక్ష మొదలుకాకముందే గోదాట్లో కలిసినట్టు. నువ్వు వదలాలనుకుంటున్నది మల్టిపుల్ ఇంటిగ్రల్స్ అని నాకు తెలుసు. ఇంటిగ్రేషన్ క్రమం మార్చే లెక్కలో నువ్వు ఎక్కడ జారిపోతావో కూడా తెలుసు. బొమ్మ గీయకుండా హద్దులు మార్చేస్తావు. ముందు ప్రాంతం గీయి, గీతలు ఖండించుకునే బిందువులు గుర్తించు, అప్పుడు హద్దులు వాటంతటవే కనిపిస్తాయి. ఆఖరి జవాబు తప్పినా బొమ్మకూ, సరైన హద్దులకూ దిద్దేవాళ్లు మార్కులు వేస్తారు. నేను వేస్తాను.

పాస్ మార్కుల్లో ఒక మెలిక ఉంది, మీ క్లాసులో సగం మందికి తెలిసి ఉండదు. ఇంటర్నల్‌లో 40కి 14 రావాలి, ఎక్స్‌టర్నల్‌లో 60కి 21 రావాలి, మొత్తం మీద నూటికి 40 రావాలి. 14, 21 కలిపి చూడు. 35. అంటే రెండు చోట్లా పాసై, మొత్తంలో ఫెయిలయ్యే వీలుంది! ప్రతి ఏడూ ఫలితాల రోజున ఎవరో ఒకరు ఈ 35 పట్టుకుని స్టాఫ్‌రూముకు వస్తారు, "మేడమ్, రెండింట్లోనూ దాటాను కదా" అని. నీకు మాథ్స్‌లో ఇంటర్నల్ 29 వచ్చింది కాబట్టి ఎక్స్‌టర్నల్‌లో ఎన్ని చాలో నువ్వు ఇప్పటికే లెక్క వేసుకుని ఉంటావు. నా కూతురివి కదా.

హాజరు గురించి కంగారు పడకు. మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కాండొనేషన్, అంటే ఆ తక్కువను మన్నించమని, అడగవచ్చు. 65 తగ్గితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు, సెమిస్టర్ మళ్లీ చదవాలి. జ్వరంతో ఇంటికొచ్చిన పది రోజుల మెడికల్ సర్టిఫికెట్ నాన్న బ్యాగులో పెడుతున్నాను. నీ శాతం ఎంతో ఆఫీసులో కనుక్కుని, అవసరమైతేనే ఇవ్వు.

పేపర్లు దిద్దే స్పాట్ సంగతులు నువ్వెప్పుడూ అడుగుతావు కానీ నేను పెద్దగా చెప్పను. ఒక్కటి చెబుతాను. మా దగ్గరికి వచ్చే పేపరు మీద పేరుండదు, నంబరుండదు, బార్‌కోడ్ మాత్రమే ఉంటుంది. అందుకే లోపల ఎక్కడా పేరూ, హాల్ టికెట్ నంబరూ రాయకూడదు. దేవుడికి దండం మనసులో పెట్టుకో, పేజీ పైన ఓంకారం వద్దు. కొందరైతే చివరి పేజీలో ఉత్తరమే రాస్తారు. ఒకసారి ఒక అమ్మాయి రాసింది, "సార్, ఈ సబ్జెక్టు పోతే మా ఇంట్లో చదువు మాన్పించి పెళ్లి చేస్తారు" అని. అక్షరాలు మన చుట్టాలమ్మాయివిలా గుండ్రంగా ఉన్నాయి. పాస్ చేయమని ఎగ్జామినర్‌ను వేడుకుంటూ రాస్తే ఆ సబ్జెక్టు రద్దు చేయాలని కూడా నిబంధనల్లో ఉంది. ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే ఆ అమ్మాయి పాసయ్యేదే, మార్కులు కూడి చూశాను కాబట్టి తెలుసు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు నాలుగో తరగతి.

ఇక మాట్రిక్సుల్లో కేలీ హామిల్టన్ సిద్ధాంతం. ప్రశ్నలో సరిచూసి ఆ తరువాత విలోమం కనుక్కోమని ఉంటే, పిల్లలు సరిచూడటం ఎగ్గొట్టి నేరుగా విలోమానికి పోతారు. అక్కడ సగం మార్కులు పోతాయి. లక్షణ సమీకరణంలో గుర్తులు రెండుసార్లు చూసుకో. నీ మిడ్ పేపరులో అదే తప్పు చేశావు, ఫొటో పంపినప్పుడే చూశాను, అప్పుడు ఏమీ అనలేదు.

సిలబస్ పుస్తకంలో ముందుండే నిబంధనల పేజీలు మీ గదిలో ఎవరూ తెరిచి ఉండరు. శనివారం రాత్రి ఎలాగూ మీరెవరూ చదవరు కాబట్టి, నలుగురూ కూర్చుని ఒకరు పైకి చదవండి. అరగంట పని. రీకౌంటింగ్ అంటే కూడిక సరిచూడటమనీ, రీవాల్యుయేషన్ అంటే మళ్లీ దిద్దడమనీ కూడా తెలుస్తుంది. ఫలితాల రోజున ఏడుస్తూ ఏ ఫీజు కట్టాలో తెలియక రెండూ కట్టేవాళ్లను చాలామందిని చూశాను.

నాన్నతో గోంగూర పచ్చడి, సున్నుండలు, రెండు నల్ల పెన్నులు, రెండు నీలం పెన్నులు పంపిస్తున్నాను. పచ్చడి సీసా మూత గట్టిగా బిగించాను, తెరిచేటప్పుడు నాన్ననే తీయమను. కాలిక్యులేటర్ మూత మాత్రం పంపడం లేదు. గీతలు పడతాయని బాధగా ఉంటే పాత సాక్సులో చుట్టి పెట్టుకో, హాలు బయట తీసెయ్యి.

అమ్మ